నేలవేము: నేను సగమే చెప్పిన పాఠం



నేను మన మదనపల్లె బ్రాంచిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు బయాలజీ చెబుతాను. బీఈడీ పూర్తి చేసి ఐదేళ్లయింది. ఈ నెల పత్రికకు ఏదైనా రాయమని ప్రిన్సిపాల్ మేడమ్ అడిగినప్పుడు సైన్స్ ఫెయిర్ గురించి రాద్దామనుకున్నాను. రాయడానికి కూర్చుంటే మాత్రం మనసంతా మా స్కూలు గోడ పక్కన మడిలో పెరుగుతున్న ఒక మొక్క చుట్టూనే తిరిగింది. ఆ మొక్క విషయంలో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. రెండోది తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. రెండూ మీకు చెప్పడం నా బాధ్యత అనిపించి ఇది రాస్తున్నాను.

చైనా మందు, మన నేల మొక్క

పోయిన ఏడాది ఆగస్టులో ఎనిమిదో తరగతికి మలేరియా గురించి చెబుతున్నాను. పుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాలతో పిల్లలకు ఆసక్తి పుట్టదని, చైనా శాస్త్రవేత్త తు యూయూ కథ చెప్పాను. ఆమె 1969లో మలేరియా మందు వెతికే పనిలో చేరారు. రెండు వేలకు పైగా పాత చికిత్సలను పోగుచేసి పరిశీలించారు. వాటిలో చింగ్‌హావ్ అనే మొక్క ఒకటి. మొదట దాన్ని వేడి చేసి సారం తీస్తే సరిగా పనిచేయలేదు. సుమారు 1,600 ఏళ్ల నాటి ఒక వైద్య గ్రంథంలో ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. మరిగించమని లేదు. వేడికి మందు గుణం పోతోందేమోనని ఆమెకు అప్పుడు తట్టింది. తక్కువ వేడిలో సారం తీశారు. అలా దొరికిందే ఆర్టిమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇంకొకటి ఉంది. చింగ్‌హావ్ అనే పేరుతో ఒకటి కంటే ఎక్కువ మొక్కలు వాడుకలో ఉండేవి. వాటిలో ఆర్టిమీసియా ఆన్యువా అనే ఒక్క జాతిలోనే ఆ మందు చెప్పుకోదగ్గంత ఉంది. అదీ ఆకుల్లో, అదీ పూతకు ముందు. పేరు ఒకటే కదా అని ఏదో ఒకటి తెచ్చుకుని ఉంటే ఆ పరిశోధన అక్కడితో ఆగిపోయేది.

కథ అయిపోగానే వెనక బెంచీ నుంచి ఒక బాబు లేచాడు. "మిస్, చైనా వాళ్లు వాడే మందు మొక్క ఏదైనా మన ఊళ్లో ఉందా?"

నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి వెతికితే ఒక పేరు కనిపించింది. చ్వాన్ శిన్ లియెన్. దక్షిణ చైనాలో పండిస్తారు, గొంతునొప్పికి, జ్వరానికి వాడతారు. చైనా ప్రభుత్వ ఔషధ గ్రంథంలోనూ ఉంది. దానికి అక్కడున్న ఇంకో పేరు చదివి ఆగిపోయాను. 'ఇండియా గడ్డి' అని ఆ పేరుకు అర్థం. చైనా మందు అని నేను వెతుకుతుంటే, వాళ్లేమో దాన్ని మన దేశపు మొక్క అని పిలుస్తున్నారు! శాస్త్రీయ నామం ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. తెలుగులో నేలవేము.

ఆ పేరు చదవగానే నోట్లో చేదు తగిలింది. మాది పుంగనూరు. చిన్నప్పుడు వానాకాలంలో జ్వరమొస్తే మా అవ్వ ఇత్తడి గిన్నెలో నేలవేము కషాయం కాచి, నా ముక్కు పట్టుకుని తాగించేది. వెనకాలే ఒక బెల్లం ముక్క పెట్టేది. నేను ఇంగ్లీషు మీడియంలో చేరాక ఆ గ్లాసును చూసి "ఛీ, ఇదేం మొరటు మందు" అనేదాన్ని. నేను ఇంటర్‌లో ఉండగా అవ్వ పోయింది. కషాయం రుచి నాకు తెలుసు. ఆ మొక్క ఎలా ఉంటుందో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు, అడగలేదు. బయాలజీ టీచరునై ఉండి, ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేని స్థితి నాది.

మొదటి తప్పు

మర్నాడు ఫోన్‌లో మొక్కలను గుర్తుపట్టే యాప్ ఒకటి వేసుకుని స్కూలు ఆవరణంతా తిరిగాను. ప్రహరీ గోడ పక్కన ఒక కలుపు మొక్కను ఫొటో తీస్తే యాప్ నేలవేము అంది. సంబరంగా పిల్లల్ని పిలిచి చూపించాను. ఇంగ్లీషులో, తెలుగులో పేరు రాసిన అట్టముక్క కూడా పక్కన పాతబోతున్నాను. అటుగా చీపురు పట్టుకుని వెళ్తున్న మా ఆయమ్మ ఆగింది.

"అది నేలవేము కాదు మిస్. కాడ పట్టుకోని చూడండి. నూగు ఉండాది. నేలవేము కాడకు నూగుండదు, పలకలు పలకలుగా ఉంటాది."

పట్టుకుని చూశాను. కాడ గుండ్రంగా, నూగుగా ఉంది. పిల్లలు నా ముఖం చూస్తున్నారు. అట్టముక్క వెనక్కి తీసుకున్నాను. "ఆయమ్మ చెప్పిందే కరెక్ట్. మనం మళ్లీ వెతుకుదాం" అన్నాను. ఆ రోజు పిల్లలు నేర్చుకున్న మొదటి విషయం, యాప్ చెప్పింది ఆధారం మాత్రమే, తీర్పు కాదని. నేను నేర్చుకున్నది, అడగాల్సిన మనిషి రోజూ నా క్లాసు ఊడుస్తూనే ఉందని.

ఆ తర్వాత ఆయమ్మ చెప్పినవీ, వృక్షశాస్త్ర పుస్తకాల్లో ఉన్నవీ పక్కపక్కన పెట్టుకుని గుర్తుల పట్టిక తయారు చేశాం. మీకూ పనికొస్తుందని ఇస్తున్నాను.

ఎత్తు: మోకాలి నుంచి నడుము దాకా. నిటారుగా పెరిగి బాగా కొమ్మలు వేస్తుంది.
కాండం: నాలుగు పలకలు. వేళ్ల మధ్య తిప్పితే అంచులు తెలుస్తాయి. నున్నగా, ముదురాకుపచ్చగా ఉంటుంది.
ఆకులు: ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఈటె మొనలా రెండు వైపులా సన్నబడతాయి. తొడిమ చాలా చిన్నది.
పూలు: చిన్నవి, తెల్లనివి. రెండు పెదవులుగా విడి ఉంటాయి. లోపల ఊదారంగు మచ్చలుంటాయి.
కాయ: సుమారు 2 సెంటీమీటర్ల పొడవు. రెండు చివరలా మొన తేలి, పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది. ఎండితే రెండుగా పగిలి గోధుమ, పసుపు రంగు గింజలు చిమ్ముతుంది.

ఇంకో జాగ్రత్త. హిమాలయాల్లో పెరిగే కిరాతతిక్త అనే చేదు మొక్క ఉంది. అది వేరే కుటుంబం. దాని బదులు మన నేలవేమును అమ్మడం, దాంట్లో దీన్ని కలపడం అంగళ్లలో చాలాకాలంగా ఉన్నదే. మన వైపు కొందరు రెంటినీ ఒకే పేరుతో పిలుస్తారు కూడా. పొడి చేసి పొట్లం కట్టాక ఏది ఏదో కంటితో చెప్పలేం. చేదుగా ఉందంటే నేలవేమే అనుకోవడానికి వీల్లేదు.

కుప్పం అవ్వ

నిజమైన మొక్క నాకు కుప్పంలో దొరికింది. డిసెంబరులో అక్కడ మన బ్రాంచిలో టీచర్లకు రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. నా క్లాసులో ఒక అమ్మాయి ఉంది. ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే తల వంచుకుంటుంది. ఆ పిల్ల నేను బయలుదేరే ముందు రోజు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "మిస్, మా అవ్వ కుప్పం పక్కన ఉంటుంది. వాళ్ల గట్టు మీద నేలవేము ఉంది. అమ్మ ఫోన్ చేసి చెప్తానంది" అంది. ఏడాదిలో ఆ పిల్ల తనంతట తాను నాతో మాట్లాడటం అదే మొదలు.

పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో వెళ్లాను. ట్రైనింగ్ అయ్యాక సాయంత్రం ఆ అవ్వ దగ్గరికి పోతే, మల్బరీ తోట గట్టు మీదికి తీసుకెళ్లింది. మన పట్టుపురుగులు తినే ఆ మల్బరీ ఆకు కూడా చైనా వైద్యంలో మందే. గట్టు వాలులో, తోట నీడ పడే చోట నడుమెత్తు మొక్కలున్నాయి. కాడ తిప్పి చూశాను. నాలుగు పలకలు. సగం కాయలు ఎండి ఉన్నాయి.

"మా పుట్టింటోళ్లు అరవం వాళ్లు, నిలవేంబు అంటారు. మా ఇంటాయన నేలవేము అనేవాడు. అవతల కర్ణాటకోళ్లు నెలబేవు అంటారు. చెట్టు ఒకటే టీచరమ్మా" అంది అవ్వ.

మూడు భాషల్లోనూ ఆ మాటకు అర్థం ఒకటే, నేల మీది వేప. సంస్కృతంలో భూనింబం అన్నా అదే. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కాబట్టే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో పెట్టారని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ పాఠం ఆ గట్టు మీద నాకే మళ్లీ అర్థమైంది.

అవ్వ గింజలిచ్చింది. కాయలు మధ్యాహ్నం ఎండలో కోస్తే చేతిలోనే పగిలి గింజలు చిందిపోతాయని, పొద్దున మంచు తడి మీద కోయాలని చెప్పింది. ఇంకొక మాట కూడా చెప్పింది. "ఒక దినం ఇచ్చి చూసేది. తగ్గలేదా, ఆస్పత్రికే. కడుపుతో ఉండే ఆడోళ్లకు అసలే ఇయ్యకూడదు."

గింజల విషయం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండో మాటకు తల ఊపాను, రాసుకోలేదు.

మడిలో మొలకలు

జూన్ మొదట్లో స్కూళ్లు తెరిచి, తొలి వాన పడ్డాక విత్తాం. అప్పటికి ఆ పిల్లలు తొమ్మిదికి వచ్చారు. గింజ ఆవగింజ కంటే చిన్నది, పై పొట్టు గట్టిది. అందుకే రెండు ట్రేలు పెట్టాం. ఒకదాంట్లో రాత్రంతా నీళ్లలో నానిన గింజలు, రెండో దాంట్లో పొడి గింజలు. ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు సమంగా కలిపి, పైన పలచగా మట్టి చల్లి, స్ప్రేతో తడిపాం. నానిన ట్రేలో తొమ్మిదో రోజు పచ్చటి చుక్కలు కనిపించాయి. పొడి గింజల ట్రేలో రెండు వారాలు దాటినా అక్కడొకటి ఇక్కడొకటే. ప్రయోగానికి, పోలికకు తేడా ఏమిటో ఆ రెండు ట్రేలు చెప్పినంత బాగా నా బోర్డు ఎప్పుడూ చెప్పలేదు.

ఆరు వారాలకు మొక్కకూ మొక్కకూ అడుగు దూరంలో మడిలో నాటాం. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుందని మడిని కాస్త ఎత్తు చేశాం. మూడు, నాలుగు నెలలకు పూత మొదలవుతుంది. ఆండ్రోగ్రాఫోలైడ్ అనే చేదు పదార్థం ఆకుల్లో ఎక్కువ. పూత మొదలయ్యే సమయంలో కోస్తే అది బాగా ఉంటుంది. తు యూయూ మొక్కలాగే దీనికీ అదను ఉందన్నమాట. ఇది ఇప్పుడు పొలాల్లో వేసే పంట కూడా. లక్నోలోని సీమ్యాప్ పరిశోధన సంస్థ 'సిమ్-మేఘ' అనే రకాన్ని విడుదల చేసింది.

ఆగస్టు పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ఆ మడి చూసి నన్ను నిలదీశారు. "మిస్, మేం ఇంత ఫీజు కట్టేది పిల్లల చేత కలుపు మొక్కలు పెంచించడానికా?" ఆయన కోపంలో అన్యాయం లేదు. టమాటా ధర పడిన ఏడాది కూడా టైముకు ఫీజు కట్టిన మనిషి. "మొక్కను గుర్తుపట్టడం నేర్పుతున్నానండీ, అది తెలిస్తే మంచిదే కదా" అన్నాను. నా జవాబు నాకే పూర్తిగా అనిపించలేదు. ఎందుకో అక్టోబరులో తెలిసింది.

రెండో తప్పు

పుంగనూరు నుంచి స్కూలు బస్సులో వచ్చే ఒక బాబు మూడు రోజులు రాలేదు. మొట్టమొదట ఆ ప్రశ్న అడిగింది వాడే. నాలుగో రోజు ఉదయం వాళ్లమ్మకు ఫోన్ చేశాను.

"జ్వరం మిస్. ఏం భయం లేదు. మీరు క్లాసులో చెప్పిన నేలవేము కషాయమే ఇస్తున్నాం. వాడే స్కూలు మడిలోంచి ఆకు తెచ్చాడు. ఈ రోజు ఒళ్లు చల్లబడింది."

నా నోట మాట రాలేదు. "మీరు చెప్పిన" అంది ఆమె. నేను చెప్పింది నిజమే. జ్వరానికి వాడతారని చెప్పాను. చైనాలో వాడతారని, తమిళనాడులో డెంగీ కాలంలో ప్రభుత్వమే నిలవేంబు కుడినీర్ పంచిందని గొప్పగా చెప్పాను. ఆ కుడినీరులో నిలవేంబుతో కలిపి తొమ్మిది దినుసులుంటాయని చెప్పలేదు. అది పంచినప్పుడు కూడా రక్తపరీక్షలు, ఆస్పత్రులు పక్కనే ఉన్నాయని చెప్పలేదు. కుప్పం అవ్వ చెప్పిన రెండో మాట చెప్పనే లేదు.

"బ్లడ్ టెస్ట్ చేయించారా అమ్మా?"

"లేదు మిస్."

"ఇప్పుడే తీసుకెళ్లండి. దయచేసి."

ఆ సాయంత్రమే రిపోర్టు వచ్చింది. డెంగీ. ప్లేట్‌లెట్లు తగ్గాయి. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. నేను చూడటానికి వెళ్లినప్పుడు డాక్టరు గారు ఎవరినీ తప్పుపట్టలేదు. ఒక్కటి మాత్రం చెప్పారు. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి, రెండు రోజులే జాగ్రత్తగా చూడాల్సిన సమయం అట. ఒళ్లు చల్లబడిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే రోజే అది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయకూడదు.

బాబు కోలుకున్నాడు. ఆ నాలుగు రాత్రులు నేను సరిగా నిద్రపోలేదు.

రెండో సగం

సోమవారం క్లాసుకు వెళ్లి పిల్లలకు చెప్పాను. "నేను మీకు సగం పాఠమే చెప్పాను. తప్పు నాది." తర్వాత మళ్లీ తు యూయూ దగ్గరికే వెళ్లాం. పాత గ్రంథంలో ఉంది కదా అని ఆమె దాన్ని నేరుగా రోగులకు ఇవ్వలేదు. ముందు జంతువుల మీద పరీక్షించారు. 1972లో ఆమె, ఇంకో ఇద్దరు సహచరులు ముందుగా తామే ఆ మందు తీసుకుని, ప్రమాదం లేదని చూశారు. ఆ తర్వాతే రోగుల దగ్గరికి వెళ్లారు. పాతకాలం మాటను గౌరవించడం అంటే దాన్ని పరీక్షకు పెట్టడం కూడా.

నేలవేముకూ ఇది వర్తిస్తుంది. గర్భిణులు దీన్ని తీసుకోకూడదు. రక్తం పలచబడే మందులు, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. ఈ మొక్క కలిసిన మందులతో కొందరికి తీవ్రమైన అలర్జీ వచ్చిందని ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది. కుప్పం అవ్వకు ఆస్ట్రేలియా సంగతి తెలియదు. కానీ ఆమెకు తన మందు హద్దు తెలుసు. మా అవ్వకూ తెలిసే ఉంటుంది. అలా తెలిసినవాళ్ల దగ్గర నుంచి మనం ఆకు పేరు ఒక్కటే తెచ్చుకుని, హద్దును అక్కడే వదిలేసి వస్తున్నాం. నేను చేసిందీ అదే.

ఇప్పుడు మా మడి దగ్గర కొత్త బోర్డు ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు, నాలుగు భాషల్లో పేరు. కింద గుర్తులు. దాని కింద ఎర్ర అక్షరాలతో, "చూడండి, తాకండి, కోయకండి. జ్వరమొస్తే ముందు పరీక్ష." ఆ బోర్డు రాసింది స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ అమ్మాయే. ఇంగ్లీషు వాక్యం మాత్రం నన్ను మూడుసార్లు అడిగి దిద్దుకుంది.

ఆ నాన్నగారికి నేనివ్వాల్సిన జవాబు ఇది. మొక్కల పేర్లు రాకపోయినా పిల్లలకు మార్కులు వస్తాయండీ. కానీ ఇంట్లో ఎవరికో జ్వరమొచ్చి, ఒకరు కషాయమని, ఒకరు మాత్ర అని అంటున్నప్పుడు, "ఇది నిజంగా ఆ మొక్కేనా? ఎంతవరకు పనిచేస్తుంది? ఎప్పుడు ఆపాలి?" అని అడగగలిగే పిల్ల మీ ఇంట్లో ఒకరు ఉండాలని నా కోరిక. అది నేర్పడానికే ఆ మడి.

ఇంట్లో పెంచాలనుకునేవారికి నాలుగు మాటలు. కుండీ అడుగున నీరు పోయే రంధ్రం ఉండాలి. గింజలు రాత్రంతా నానబెట్టి, జూన్, జులైలలో విత్తండి. మొక్క పేరు, గుర్తులు పిల్లల చేతనే రాయించండి, అవ్వాతాతల్ని అడిగి. గుర్తు తెలియని ఏ ఆకునూ రుచి చూసి గుర్తుపట్టే ప్రయత్నం చేయనివ్వకండి. ఇక జ్వరం వస్తే కుండీ వైపు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

గింజలు కావాల్సినవారు జనవరిలో బయాలజీ ల్యాబులో అడగండి. కాయలు పొద్దున్నే, మంచు తడి మీద కోసి ఉంచుతాం.

మీ పిల్లల బయాలజీ టీచర్,
మదనపల్లె బ్రాంచి